రెండు రంగుల క్రోషే టాప్: కింది నుంచా, పక్క నుంచా, మెడ నుంచా?

టోపీలు, శాలువాలు దాటి తొలిసారి ఒంటికి తొడుక్కునే వస్త్రం అల్లబోయేవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: రెండు రంగులతో, చేతులు వేరుగా అల్లకుండా, తమ కొలతలకు సరిపోయే సాదా టాప్ అల్లాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇటీవల నేను కూడా ఇలాంటి టాప్ ఒకటి ఒక పద్ధతిలో అల్లి, పూర్తిగా విప్పి, మరో పద్ధతిలో మళ్లీ అల్లవలసి వచ్చింది కనుక ఈ ప్రశ్నకు వివరంగానే జవాబు చెప్పగలను. ఇక్కడ వాడిన కుట్ల పేర్లన్నీ అమెరికా పద్ధతివి. నేను డబుల్ క్రోషే అన్నదాన్ని బ్రిటిష్ పద్ధతిలో ట్రెబుల్ అంటారు.

పోల్చవలసిన దారులు ముఖ్యంగా మూడు. మొదటిది, ముందు భాగాన్నీ వెనుక భాగాన్నీ కింది అంచు నుంచి భుజం దాకా రెండు దీర్ఘచతురస్రాలుగా అల్లి కలిపి కుట్టడం. రెండవది, అవే దీర్ఘచతురస్రాలను ఒక పక్క నుంచి మరో పక్కకు అల్లడం. అప్పుడు వరుసలు ఒంటి మీద నిలువుగా నిలుస్తాయి. మూడవది, మెడ దగ్గర మొదలుపెట్టి రాగ్లాన్ పద్ధతిలో, అంటే మెడ నుంచి చంక దాకా నాలుగు వాలు గీతల వెంట కుట్లు పెంచుకుంటూ ఒకే ముక్కగా కిందికి దిగడం. చదరాలు అల్లి అతికే పద్ధతి కూడా ఉంది గానీ, అందులో కొలత ఒక చదరం చొప్పున తప్ప మారదు. దారపు కొసలు దాచే ఓపిక ఉన్నవారికి దాన్ని వదిలేస్తున్నాను.

ఈ మూడింటినీ పోల్చేటప్పుడు చాలామంది ఏది సులువు, ఏది త్వరగా అవుతుంది అని చూస్తారు. నా దృష్టిలో తేల్చవలసిన విషయం వేరే ఉంది. మొదటి చైన్ (అల్లికకు పునాదిగా వేసే గొలుసు కుట్ల వరుస) వేసిన రోజునే మీ కొలతల్లో ఏది ఖాయమైపోతుంది, ఏది చివరిదాకా మీ చేతిలో ఉంటుంది అన్నదే అది. కుట్ల లెక్క మొదట్లోనే స్థిరపడుతుంది, మధ్యలో మార్చడం కష్టం. వరుసల లెక్క అలా కాదు. టేపు పెట్టి చూసుకుని, చాలనిపించినప్పుడు ఆపవచ్చు. కాబట్టి పొరపాటు జరిగితే ఏ కొలతలో భరించగలమో ఆ కొలతను కుట్లకు, ఏ కొలతలో భరించలేమో దాన్ని వరుసలకు అప్పగించాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఛాతీ చుట్టుకొలత 92 సెం.మీ. అనుకుని, 8 సెం.మీ. వదులు కలిపితే మొత్తం 100 సెం.మీ., అంటే ఒక్కో ముక్క వెడల్పు 50 సెం.మీ. పొడవు 54 సెం.మీ. అనుకుందాం. డబుల్ క్రోషేతో అల్లిన నమూనా ముక్కలో 10 సెం.మీ.కు 16 కుట్లు, 9 వరుసలు వచ్చాయనుకుంటే, కింది నుంచి అల్లే పద్ధతిలో వెడల్పుకు 80 కుట్లు వేయాలి. నేను మొదట చేసినది సరిగ్గా ఇదే. నమూనా ముక్క అల్లేటప్పుడు లెక్క తప్పకూడదన్న జాగ్రత్తతో చేయి బిగించినట్టున్నాను. 80 కుట్ల పొడవైన వరుసలు సాగే కొద్దీ చేయి వదులై, 10 సెం.మీ.కు 15 కుట్లే పట్టాయి. చూడబోతే తేడా ఒక్క కుట్టే. కానీ దానివల్ల ఒక్కో ముక్క 53 సెం.మీ. దాటింది, రెండూ కలిపేసరికి టాప్ అనుకున్నదానికంటే దాదాపు 6.7 సెం.మీ. వెడల్పయింది. ఆ సంగతి పక్కలు కుట్టి తొడుక్కుని చూసినప్పుడు గానీ తెలియలేదు. దిద్దుకోవడానికి రెండు ముక్కలనూ మొదటి చైన్ దాకా విప్పడం తప్ప దారి దొరకలేదు.

అదే పొరపాటు పక్క నుంచి అల్లే పద్ధతిలో జరిగి ఉంటే ఏమయ్యేది? అక్కడ మొదటి చైన్ నిర్ణయించేది పొడవును. 54 సెం.మీ.కు 86 కుట్లు వేస్తే, 16కు బదులు 15 పడినప్పుడు పొడవు 57 సెం.మీ. పైచిలుకు అవుతుంది. టాప్ మూడు సెంటీమీటర్లు పొడుగైతే ఎవరూ విప్పరు. ఛాతీ దగ్గర కొలత మాత్రం వరుసల మీద నడుస్తుంది, ఒక వరుస సుమారు 1.1 సెం.మీ. కనుక 45 వరుసల దగ్గరికి వచ్చాక టేపు చూసుకుని రెండు వరుసలు ముందో వెనకో ఆపుకోవచ్చు. రెండవసారి నేను ఈ దారి పట్టడానికి ఈ ఒక్క కారణమే చాలింది.

మెడ నుంచి దిగే రాగ్లాన్‌ను ఇష్టపడేవారు ఇక్కడ అభ్యంతరం చెబుతారు: మధ్యలో ఎన్నిసార్లైనా తొడుక్కుని చూడగల పద్ధతి అదొక్కటే కదా అని. ఆ మాట నిజమే, పొడవు విషయంలో దానికి సాటి లేదు. అయితే ఛాతీ కొలత విషయంలో అది కనిపించినంత స్వేచ్ఛ ఇవ్వదు. నాలుగు మూలల దగ్గర పెంచుకుంటూ పోతే ఒక్కో చుట్టుకు 8 కుట్లు పెరుగుతాయి, వాటిలో ముందు వెనుక భాగాలకు దక్కేవి నాలుగే, మిగతావి భుజాలవి. పై కొలతలకే చూస్తే, చంక దాకా 22 సెం.మీ. లోతుకు 20 చుట్లు వస్తాయి. మెడ దగ్గర ముందు వెనుకలకు 34 చొప్పున 68 కుట్లతో మొదలుపెడితే, 20 చుట్లలో 80 చేరి 148 అవుతాయి. చంకల కింద ఆరేసి చైన్ల చొప్పున కలిపితే 160, అంటే 100 సెం.మీ. లెక్క చక్కగానే కుదిరింది గానీ, అది కుట్లూ వరుసలూ రెండూ నమూనా ముక్కతో సరిపోయినప్పుడే కుదురుతుంది. వరుసలు కాస్త పొడుగ్గా పడితే చంక లోతు దాటిపోయాక కూడా ఛాతీకి చాలినన్ని కుట్లు చేరవు. ఛాతీ ఎక్కువ, చంక లోతు తక్కువ ఉన్నవారు మధ్యలో అదనపు పెంపులు ఎక్కడ వేయాలో సొంతంగా లెక్క కట్టుకోవాలి. మొదటి వస్త్రానికి ఇది బరువైన పని.

రెండో రంగు వచ్చేసరికి రాగ్లాన్‌కు మరో చిక్కు తోడవుతుంది. ప్రతి చుట్టునూ కలిపి, తిప్పకుండా అల్లుకుంటూ పోతే కలిపిన చోటు మెల్లగా పక్కకు ఒరుగుతుంది. ఒకే రంగైతే అది కంటపడదు, చారల్లో మాత్రం మెట్టులా తేలి కనిపిస్తుంది. ప్రతి చుట్టు చివరా తిప్పి అల్లితే ఒరగడం ఆగుతుంది, మెట్టు మాత్రం పూర్తిగా పోదు; దాన్ని వెనుక భాగంలోనో భుజం మీదో దాచుకోవాలి.

ముక్కలుగా అల్లేటప్పుడు రంగు మార్పు అంచుల్లో జరుగుతుంది. పాత రంగులోని చివరి కుట్టు పూర్తి చేసే ఆఖరి లాగుడు కొత్త రంగుతో వేయాలన్నది తెలిసిన సంగతే. రెండేసి వరుసల చారలు వేసుకుంటే వాడని దారాన్ని తెంచకుండా అంచు వెంట తీసుకుపోవచ్చు. పక్క నుంచి అల్లేవారు గమనించవలసిన చిన్న కిటుకు ఇక్కడ ఒకటి ఉంది. చైన్ ఏ కొసన ముగుస్తుందో, రెండు వరుసలకోసారి అల్లిక ఆ కొసకే తిరిగి వస్తుంది. కనుక చైన్‌ను కింది అంచు దగ్గర మొదలుపెట్టి భుజం దగ్గర ముగించినట్టు ఊహించుకుంటే రంగు మార్పులన్నీ భుజం వైపు పడతాయి, వెంట తీసుకుపోయిన దారం భుజం కుట్టులో దాగిపోతుంది. మెడ దగ్గర తెరిచి ఉంచిన భాగంలో బయటికి కనిపించే దారాన్ని కలుపుకుంటూ ఒక చుట్టు సింగిల్ క్రోషే అల్లితే సరి. దీన్ని తారుమారు చేస్తే ఆ దారపు మెట్లన్నీ కింది అంచున వరుసగా కనిపిస్తాయి. కింద కూడా పట్టీ అల్లక తప్పదు.

బిగుతు చైన్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి చైన్ మిగతా అల్లిక కంటే బిగుతుగా పడుతుంది. కింది నుంచి అల్లితే ఆ బిగుతు తుంటి దగ్గర పట్టేస్తుంది. మెడ నుంచి దిగితే తల దూరడమే కష్టం కావచ్చు. పక్క నుంచి అల్లితే అది పక్క కుట్టులో కలుస్తుంది, మహా అయితే ఆ పక్క పొడవు కాస్త ముడుచుకుంటుంది. మూడింటికీ మందు ఒక్కటే: చైన్‌కు ఒక సైజు పెద్ద హుక్ వాడటం.

కింది నుంచి అల్లే పద్ధతిని ఇంతగా తగ్గించి మాట్లాడినా, ఒక సందర్భంలో నేను కూడా దాన్నే ఎంచుకుంటాను. చారలు వద్దు, కింది సగం ఒక రంగు, పై సగం ఒక రంగు చాలు అనుకునేవారికి ముక్కకు ఒక్కసారి రంగు మారిస్తే పని అయిపోతుంది. పైగా ఒక రంగు దారం తగ్గేలా ఉంటే రంగులు కలిసే గీతను నాలుగు వరుసలు పైకో కిందికో జరుపుకోవచ్చు. పక్క నుంచి అల్లే చారల్లో ఆ వెసులుబాటు లేదు. వెనుక భాగం సగంలో ఉండగా ఒక రంగు అయిపోతే చేయగలిగింది తక్కువ. అందుకే ముందే తూకం వేసుకోవాలి. 15 సెం.మీ. చదరపు నమూనా ముక్క విస్తీర్ణం 225 చదరపు సెం.మీ., రెండు భాగాలదీ కలిపి 5,400, అంటే 24 రెట్లు. ముక్క 11 గ్రాములు తూగితే మొత్తం 264 గ్రాములు. సమానమైన చారలకు రంగుకు 132, దానిపై పదిహేను శాతం అదనం. నమూనా ముక్కను రెండు రంగులతోనూ అల్లి, నానబెట్టి ఉతికితే ముదురు రంగు లేత రంగులోకి దిగుతుందో లేదో కూడా తెలిసిపోతుంది. ఆరాక టాప్ వేలాడే దిశలోనే ఒక రోజు వేలాడదీసి మళ్లీ కొలవండి, ముఖ్యంగా దారం నూలుదైతే.

పక్క నుంచి అల్లడంలో నాకు నచ్చనిది మెడ. భుజాలు 13 సెం.మీ. చొప్పున కుట్టి మధ్యలో 24 సెం.మీ. వదిలేస్తే తల దూరుతుంది గానీ, ముందు అంచు గొంతుకు తగులుతుంది. ముందు మెడ ఏడు సెంటీమీటర్లు దింపాలంటే నడుమ 22 వరుసల్లో భుజం వైపు 11 కుట్లు తగ్గించాలి. అక్కడ వెంట వస్తున్న దారాన్ని తెంచి మళ్లీ కలపాలి, చివర మళ్లీ 11 చైన్లు వేసుకుని భుజం ఎత్తుకు రావాలి. రాగ్లాన్‌లో మెడ ఇంతకంటే అందంగా కుదురుతుందని ఒప్పుకుంటాను.

ఇంతకీ నా టాప్ ముందు భాగాన్ని 46 వరుసలు, అంటే 23 చారలుగా ముగించాను. వెనుక భాగం 42 వరుసలకు వచ్చాక రెండింటినీ భుజాల దగ్గరా పక్కలా పిన్నులతో కలిపి, జాగ్రత్తగా తొడుక్కుని చూశాను. ఇంకో రెండు వరుసలు చాలనిపించి 44 దగ్గర ఆపాను. మొత్తం 90 వరుసలు, 100 సెం.మీ.; ముందు వెనుకల మధ్య తేడా వెనుక మెడ వెడల్పులో కలిసిపోయింది. చారల సంఖ్య బేసి కావడంతో ఎడమ చంక కింద మాత్రం ఒకే రంగు చారలు రెండు పక్కపక్కనే పడ్డాయి. చేయి ఎత్తితే తప్ప కనిపించవు కనుక వాటిని అలాగే ఉంచాను.