నాలుగు మంగళవారాలు, ఒక ప్లాస్టిక్ స్టూలు

ఇంతవరకు మిక్సీల మీద, టిఫిన్ హోటళ్ళ మీద అభిప్రాయాలు రాశాను. ఆసుపత్రి డే-కేర్ వార్డు మీద రాయడం ఇదే మొదలు. హైదరాబాద్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి, పేరు చెప్పను. ఐదుకు నాలుగు మార్కులు.

మా ఆవిడకు ఐటీపీ. ఒంటిని కాపాడవలసిన యాంటీబాడీలే ప్లేట్‌లెట్లకు అంటుకుని వాటిని నాశనం చేయించే జబ్బు. కనీసం లక్షన్నర ఉండవలసినవి తొమ్మిది వేలకు దిగాయి. కాళ్ళ నిండా ఎర్రటి చుక్కలు, పళ్ళు తోముకుంటే రక్తం. స్టెరాయిడ్ వాడితే పెరిగేవి, మోతాదు తగ్గించగానే పడిపోయేవి. పైగా ముఖం ఉబ్బి, షుగరు పెరిగింది. అప్పుడు డాక్టరుగారు రిటుక్సిమాబ్ అన్నారు. ఇదీ యాంటీబాడీయే. ఆ పాడు యాంటీబాడీల తయారీకి మూలమైన బి-కణాలను ఏరివేస్తుంది.

వారానికొకటి చొప్పున నాలుగు డోసులు, శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 375 మిల్లీగ్రాములు. లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ణి కదా, నేనూ వేసి చూశాను: 580. సరిపోయింది. హెపటైటిస్-బి పరీక్ష ఫలితం చూడనిదే డాక్టరుగారు మందు రాయలేదు. లోపల అణగి ఉన్న ఆ వైరస్‌ను ఈ మందు మళ్ళీ లేపగలదట.

నాలుగు మార్కుల్లో మూడు నర్సమ్మవే. మొదటి రోజు గంటకు 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అరగంటకొకసారి పెంచుతూ వెళ్ళింది. రెండోసారి పెంచగానే మా ఆవిడ గొంతు దురదగా ఉందంది. ఆ మాట పూర్తికాక ముందే డ్రిప్ ఆగింది. దురద తగ్గాక సగం వేగంతో మళ్ళీ మొదలు. పదింటికి కూర్చున్నవాళ్ళం నాలుగున్నరకు లేచాం. నర్సమ్మ ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

పోయిన మార్కు మందుల కౌంటరుది. రెండో మంగళవారం రెండు గంటలు నిలబెట్టి, సీసాలను ఐసు లేకుండా కాగితపు కవరులో పెట్టి ఇచ్చారు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని పెట్టె మీదే ఉంది. పైకి చదివి వినిపించాక ఐసు ప్యాకెట్ వచ్చింది.

ఫలితం వెంటనే కనబడలేదు. ప్లేట్‌లెట్లు నాలుగో డోసు నాటికి 31 వేలు, ఎనిమిదో వారానికి 92 వేలు. ఐదేళ్ళ తర్వాత కూడా నిలకడగా ఉండేది సుమారు ఐదుగురిలో ఒకరికేనని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆశపెట్టి డబ్బు కట్టించుకోలేదు.

తోడు వెళ్ళేవారికి దక్కేది వీపు ఆనించుకునే వీలులేని ప్లాస్టిక్ స్టూలు. శాలువా మాత్రం మరవకండి. ఆ ఏసీ దగ్గర నర్సమ్మ మాట కూడా చెల్లదు.