చందాదారుల జాబితాపై సార్ట్, ఫిల్టర్: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

ఒక చిన్న పత్రిక చందాదారుల జాబితాను చూపే వెబ్ పేజీని 2016 నుంచి నేనే చూసుకుంటున్నాను. జావాస్క్రిప్ట్‌లో ఒక్కో చందాదారు ఒక ఆబ్జెక్ట్. పేరు, ఊరు, జిల్లా, ఇంటి నంబరు, చందా ముగిసే తేదీ, బకాయి ఆ ఆబ్జెక్ట్ ప్రాపర్టీలు, అంటే అందులోని వివరాలు. ఆ ఆబ్జెక్టులన్నీ వరుసగా ఉన్న జాబితా ఒక అర్రే. ఈ అర్రే మీద రోజూ జరిగే పనులు రెండే: కావలసినవారిని ఏరడం, ఏరినవారిని వరుసలో పెట్టడం. మొదటి పని చేసే ఫిల్టర్‌ను నేను కళ్లు మూసుకుని నమ్ముతాను. రెండో పని చేసే సార్ట్‌ను మాత్రం ఇప్పటికీ ఒక కన్ను వేసి ఉంచే వాడతాను.

ఫిల్టర్ గురించి చెప్పవలసింది తక్కువ. జావాస్క్రిప్ట్‌కు ప్రమాణమైన ఎక్మాస్క్రిప్ట్‌లోకి 2009 నాటి ఐదో ఎడిషన్‌తో వచ్చిన ఈ పద్ధతి మన షరతుకు సరిపోయిన ఆబ్జెక్టులను కొత్త అర్రేలో పెట్టి ఇస్తుంది, పాత అర్రేను ముట్టుకోదు. అయితే కొత్తది అర్రే మాత్రమే, లోపలి ఆబ్జెక్టులు పాతవే. బకాయిదారులను ఏరి, అందులో ఒకరి బకాయిని సున్నా చేస్తే అసలు జాబితాలోనూ అది సున్నా అవుతుంది.

నన్ను ఎక్కువగా విసిగించింది ఫిల్టర్ కాదు, మన లిపి. జిల్లా పేరు కరీంనగర్ అని అడిగితే కొందరు చందాదారులు ఫలితంలో కనిపించేవారు కాదు. తెర మీద రెండు పేర్లూ అచ్చంగా ఒకటే. చివరికి అక్షరాల సంకేత సంఖ్యలు తీసి చూస్తే, కొన్నింటిలో చివరి పొల్లు తరువాత కంటికి కనబడని నాన్‌జాయినర్ అక్షరం (పక్క అక్షరంతో కలవకుండా ఆపే గుర్తు) ఉంది; టైపు చేసే సాధనాన్ని బట్టి అది చేరుతుంది, లేదా చేరదు. సమాన గుర్తుతో పోల్చే షరతుకు అవి రెండు వేర్వేరు జిల్లాలే. ఇప్పుడు ఆ అక్షరాన్ని జాబితాలో చేర్చేటప్పుడే తీసివేస్తున్నాను. తెలుగు పేర్లతో పని చేసేవారు ఈ పని మొదటి రోజే చేయడం మంచిది, నాలాగా మూడో ఏట కాదు.

ఇక సార్ట్. రెండింటిలో ఏది ముందో చెప్పే పోలిక ఫంక్షన్ ఇవ్వకపోతే ఇది ప్రతిదాన్నీ అక్షరాల వరుసగా మార్చి పోలుస్తుంది కాబట్టి 9 కన్నా 10 ముందు వస్తుంది. ఆబ్జెక్టులన్నీ ఒకే మాటగా మారిపోతాయి కాబట్టి ఏ మార్పూ జరగదు. ప్రాపర్టీని బట్టి వరుస కావాలంటే మొదటిది ముందు రావాలంటే రుణ సంఖ్యనో, సమానమైతే సున్నానో, తరువాత రావాలంటే ధన సంఖ్యనో తిరిగి ఇచ్చే ఫంక్షన్ మనమే రాయాలి. మొదట్లో నేను ‘ఇది దానికన్నా పెద్దదా’ అని అడిగి, అవునో కాదో తిరిగి ఇచ్చే ఫంక్షన్ రాశాను. అది తప్పు, కానీ ఎనిమిది వరుసల నమూనా జాబితాతో క్రోమ్‌లో పరీక్షిస్తే చక్కగా నడిచింది. 2018లో క్రోమ్ 70 వచ్చాక జాబితా కదలనే కదలలేదు. అంతకుముందు క్రోమ్ పది అంశాల వరకు ఇన్సర్షన్ సార్ట్, అంతకు మించితే క్విక్‌సార్ట్ అనే పద్ధతులు వాడేది; 70 నుంచి పైథాన్ భాష కోసం 2002లో టిమ్ పీటర్స్ రూపొందించిన టిమ్‌సార్ట్‌కు మారింది. అవును అంటే 1గా, కాదు అంటే 0గా లెక్కకు వస్తుంది; రుణ సంఖ్య ఎన్నడూ రాకపోతే జాబితా అంతా ఇప్పటికే వరుసలో ఉందని టిమ్‌సార్ట్ అనుకుంటుంది.

ఆ మార్పు నా తప్పును బయటపెట్టినా, పెద్ద మేలే చేసింది. జిల్లావారీగా పెట్టి, ఒక జిల్లాలోని పేర్లను అక్షరక్రమంలో చూపాలంటే ముందు పేరుతో, తరువాత జిల్లాతో సార్ట్ చేసేవాడిని. పాత క్రోమ్‌లో పది దాటిన జాబితాకు రెండో సార్ట్‌తో పేర్ల వరుస చెదిరిపోయేది. టిమ్‌సార్ట్‌తో అది చెదరదు; సమానమైనవాటి మునుపటి క్రమం నిలిచి తీరాలని 2019 ప్రమాణం నిర్దేశించింది. అంతవరకు ఆ వరుస కోసం లోడాష్ అనే సిద్ధ కోడ్ లైబ్రరీలోని ఆర్డర్‌బై వాడాను; ఆ తరువాత తీసివేశాను.

ఇంకా సరిపెట్టుకోలేని గుణం ఒకటుంది: సార్ట్ అసలు అర్రేనే తిరగరాస్తుంది. తెర మీద ఎక్కువ బకాయి ఉన్నవారిని పైన చూపడానికి సార్ట్ చేశాను. అదే అర్రేలోని స్థానాన్ని బట్టి చిరునామా చీటీలకు కట్టల నంబర్లు వేసే మరో భాగం ఉందన్న సంగతి మరిచాను. ఆ నెల కట్టలన్నీ చేత్తో విప్పి మళ్లీ కట్టాము. ముందు ఫిల్టర్, తరువాత సార్ట్ రాస్తే ఈ ప్రమాదం ఉండదు, ఎందుకంటే ఫిల్టర్ ఇచ్చిన కొత్త అర్రే మీదే సార్ట్ పని చేస్తుంది, పోల్చవలసినవీ తగ్గుతాయి. 2023 ప్రమాణంలో వచ్చిన టుసార్టెడ్ పాతదాన్ని ముట్టుకోకుండా వరుసలో పెట్టిన కొత్త అర్రేను ఇస్తుంది కాబట్టి కొత్త కోడ్‌లో నేను అదే వాడుతున్నాను.

ఆబ్జెక్టుల్లో లోపించిన విలువలను కూడా సార్ట్ తానుగా సర్దదు. ఎవరి ఆబ్జెక్టులోనైనా బకాయి అసలు లేకపోతే, పోలిక ఫంక్షన్‌లో ఒక బకాయి నుంచి మరొకదాన్ని తీసివేసిన ఫలితం సంఖ్యే కాకుండా పోతుంది, సార్ట్ దాన్ని సమానమని తీసుకుంటుంది, దాని చుట్టూ ఉన్నవారి వరుస కూడా నమ్మదగినది కాకుండా పోతుంది. అందువల్ల లేని బకాయికి సున్నా అని పోలిక ఫంక్షన్‌లోనే రాసుకోవాలి.

ఇంటి నంబర్లకు మాత్రం భాషలోనే మంచి మందు ఉంది. 4-10 కన్నా 4-2 ముందు రావాలంటే భాషను బట్టి మాటలను పోల్చే ఇంటల్ కొలేటర్‌ను తెలుగు భాషతో, అంకెలను సంఖ్యలుగా చూసే న్యూమరిక్ ఐచ్ఛికంతో ఒక్కసారి తయారు చేసి, దాని పోలిక ఫంక్షన్‌ను సార్ట్‌కు ఇస్తే చాలు. ప్రతి పోలికకూ అదే పని చేసే లొకేల్‌కంపేర్‌ను పిలవడం కన్నా పెద్ద జాబితాల మీద ఇదే వేగంగా నడుస్తుంది. పైగా నన్ను అంతగా ఏడిపించిన నాన్‌జాయినర్‌ను ఈ కొలేటర్ లెక్కలోకే తీసుకోదు. రెండు కరీంనగర్‌లనూ పోలిస్తే సున్నా వస్తుంది.