లోడు వేసి చూడండి: గండికోట ర్యాక్‌తో పెట్జల్ అజామా హార్నెస్

బండలెక్కేవాళ్ళు నడుముకు, తొడలకు కట్టుకునే హార్నెస్‌ను ఖాళీగా తొడుక్కుని నడుం దగ్గర మెత్తగా ఉందని మెచ్చుకోవడమంటే, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని బరువే లేదన్నట్టే. ట్రాడ్ క్లైంబింగ్‌కి అది పనికొస్తుందో లేదో ఐదారు కిలోల సామాను వేలాడదీశాకే తేలుతుంది. ట్రాడ్ అంటే బోల్టులు లేని బండ మీద, కనబడిన నెర్రెలో క్యామో (విచ్చుకుని పట్టే స్ప్రింగు పరికరం) నట్టో (తీగకు బిగించిన లోహపు దిమ్మ) పెట్టుకుంటూ పైకి పోవడం. ర్యాక్ అనే ఆ సామానంతా ముందు ఎక్కే లీడర్ నడుముకే ఉంటుంది. ఒక చేయి రాయిని పట్టుకుని ఉండగా రెండో చేయి కిందికి చూడకుండా కావలసిన సైజు తీయాలి. పోపుల డబ్బా ముందు నిలబడ్డవాళ్ళు ఆవాల కోసం వెతుక్కోరు, చేయి దానంతటదే పోతుంది. గేరు అట్లా అమరాలి. అమరేందుకు హార్నెస్ సాయం చేస్తుందా, అడ్డం పడుతుందా అన్నదే ఇక్కడ చూసింది.

అజామాకు గేర్ లూపులు, అంటే సామాను తగిలించే వలయాలు, నాలుగు. ముందు రెండూ గట్టివి, వంగకుండా బయటికి నిలబడి ఉంటాయి. వెనక రెండూ మెత్తవి, బ్యాగు తగిలించుకుంటే దాని కింద అణిగిపోతాయి. నడుము వెనక మధ్యలో ఇంకో తాడును కట్టుకుని లాక్కుపోవడానికి చిన్న లూపు ఉంది. నడుముకు, రెండు తొడలకు పట్టీ లాగి బిగించే డబుల్‌బ్యాక్ బకిళ్ళు. తొడ పట్టీలు సర్దుకునే వీలు ఉండటం మనకు చిన్న విషయం కాదు. ముళ్ళకంపల్లో నడిచి బండ దగ్గరికి చేరాలి కాబట్టి దళసరి ప్యాంటు తప్పదు. సర్దుకోలేని తొడ పట్టీ ఆ ప్యాంటు మీద ఒక రకంగా, పల్చటి ప్యాంటు మీద ఇంకో రకంగా కూర్చుంటుంది.

ముందు లూపులు గట్టిగా ఉండటమే దీనిలో అసలు సుఖం. మెత్త లూపయితే బరువుకు మధ్యలో కుంగి, కారబైనర్లన్నీ (గేటున్న లోహపు కడియాలు, పొట్టిగా బైనర్లు) జారి ఆ గుంటలో ఒక కుప్పగా పడతాయి. మూడోది తీయబోతే ఐదోది చేతికొస్తుంది. ఇక్కడ బైనర్లు వరసలోనే నిలుస్తాయి. వెనక లూపుల్లో ఆ సుఖం లేదు, అవి కుంగుతాయి. అందుకే ఏది ముందుకు, ఏది వెనక్కు అన్నది ముందే తేల్చుకోవాలి.

ర్యాక్ విషయానికొస్తే, రాయిని బట్టి సామాను. గండికోట దగ్గర పెన్న కోసుకుపోయిన గోడలు క్వార్ట్‌జైట్ రాయి. పొరలు పొరలుగా అడ్డంగా పేర్చినట్టుంటుంది, అడ్డ నెర్రెలు ఎక్కువ. అనంతపురం వైపు గ్రానైట్ గుండ్లు, నున్నటి బండలు. అక్కడ నెర్రెలు బయటికి విచ్చుకుని ఉంటాయి, పెచ్చులు డొల్లగా మోగుతాయి. ఇక్కడ ఒక మాట: క్యామ్ మీద పడ్డ బరువుకు సుమారు రెండింతల బలంతో అది రెండు పక్కలా గోడను తోస్తుంది. డొల్ల పెచ్చు వెనక క్యామ్ పెట్టడమంటే పెచ్చును ఊడబెరకడానికి జాకీ పెట్టినట్టే. పిడికిలితో కొట్టి చూసి, మోత వస్తే వేరేచోటు వెతకండి.

రెండుచోట్లా సరిపోయేది ఇది. బ్లాక్ డైమండ్ క్యామలాట్ సి4 లాంటి క్యామ్‌లు 0.3 నుంచి 3 దాకా ఒక్కొక్కటి, అంటే ఏడు. 0.5, 0.75, 1 సైజుల్లో రెండోది కూడా ఉంటే మంచిది. 1 నుంచి 11 దాకా నట్ల సెట్టు ఒకటి. ట్రైక్యామ్‌లు (స్ప్రింగు లేకుండా ఒరిగి పట్టేవి) మూడు: గులాబి, ఎరుపు, గోధుమ. అడ్డ నెర్రెల్లో, గుంటల్లో క్యామ్ కూర్చోని చోట గులాబి ట్రైక్యామ్ కూర్చుంటుంది. దాన్ని ఒంటిచేత్తో తీయడం మాత్రం వెనక ఎక్కి వచ్చే సెకండ్‌కి చిరాకు. 60 సెంటీమీటర్ల స్లింగ్‌ను (నేసిన పట్టీ వలయం) మూడు మడతలు వేసిన, క్యామ్‌కూ తాడుకూ మధ్య తగిలించే ఆల్పైన్ డ్రాలు ఎనిమిది నుంచి పది. 120 సెంటీమీటర్ల స్లింగ్‌లు రెండు. ఆగిన చోట మనిషిని రాయికి పట్టి ఉంచే యాంకర్ కట్టడానికి 7 మిల్లీమీటర్ల కార్డు (సన్నటి తాడు) ఆరు మీటర్లు. గేటు తెరుచుకోకుండా బిగించే లాకింగ్ బైనర్లు నాలుగు, జతగాడి తాడును ఆపిపట్టే బిలే పరికరం, తాడు మీద బిగుసుకునే ప్రూసిక్ తాడు, ఇరుక్కున్న నట్లను తీసే నట్ టూల్.

ఇదంతా అజామాకు పట్టించే తీరు, కుడిచేతి వాటం వాళ్ళకి: కుడి ముందు లూపులో చిన్న క్యామ్‌లు ముందుగా, పెద్దవి వెనక్కు, 0.3, 0.4, 0.5, 0.75, 1. కుడి వెనక లూపులో 2, 3. పెద్ద క్యామ్‌లు పొడుగ్గా వేలాడతాయి. ముందుంటే మోకాలు పైకెత్తినప్పుడల్లా తొడకు తగిలి అడ్డం పడతాయి, వెనకుంటే పిర్ర పక్కన ఊరుకుంటాయి. ఎడమ ముందు లూపులో నట్లు, ట్రైక్యామ్‌లు. ఎడమ వెనక లూపులో డ్రాలు, నట్ టూల్. యాంకర్ కార్డు, బిలే పరికరం, లాకింగ్ బైనర్లు వెనక లూపుల చివరన, ఎక్కడం ఆపి యాంకర్ కట్టే స్టేషన్‌కు చేరాకగాని అవసరం పడవు కాబట్టి. క్యామ్‌లు రెండేసి ఉన్నప్పుడు అన్నీ కుడివైపే వేయకండి. హార్నెస్ ఒక పక్కకు లాగుతుంది, బెల్టు తిరిగి, బిలే పరికరం తగిలించే ముందరి బిలే లూపు బొడ్డు పక్కకు పోతుంది. అదనంగా ఉన్న ఆ మూడు క్యామ్‌లనూ ఎడమవైపుకు పంపి, నట్లను డ్రాల పక్కకు జరపడం మేలు.

క్యామ్‌కు ఒక బైనర్, దాని రంగు బైనరే. సి4లో 0.5 ఊదా, 0.75 ఆకుపచ్చ, 1 ఎరుపు, 2 పసుపు, 3 నీలం. 0.3 కూడా నీలమే. ఆ క్యామ్ బాగా చిన్నది కాబట్టి తికమక ఉండదుగానీ, కొత్తవాళ్ళు రెంటినీ దూరంగా పెట్టుకోవడం మంచిది. బైనర్‌కు రెండు క్యామ్‌లు తగిలిస్తే బరువు తగ్గుతుందని కొందరంటారు. ఒకటి తీస్తే రెండోది కూడా వస్తుంది, జారితే రెండూ పోతాయి, ఆ పొదుపులో అర్థం లేదు. పొడుగు తగ్గించడానికని క్యామ్‌ను బొటనవేలి లూపుకు తగిలించడమూ వద్దు. పెట్టాక మళ్ళీ స్లింగ్‌కు మార్చుకోవాలి, అలసిన చేత్తో అది అదనపు పని.

నట్ల సంగతి వేరు. సైజు ఒకటికి రెండుసార్లు వేసి చూడాలి కాబట్టి గుత్తిగానే ఉండాలి. గుత్తి మొత్తం తీసి, పట్టేది చూసి పెట్టి, మిగతావాటిని వెనక్కు తగిలించడమే అలవాటు. అందుకే ఒకటే గుత్తి కట్టకండి. 1 నుంచి 5 ఒకటి, 6 నుంచి 11 ఇంకొకటి. ఒకటి లోయలోకి పోయినా రెండోది ఉంటుంది. ఈ గుత్తులకు ముక్కు దగ్గర కొక్కెం లేని, నున్నటి ముక్కు బైనర్లు వాడాలి. కొక్కెం ఉన్న వైర్‌గేట్‌లో నట్ తీగ చిక్కుకుంటుంది. ఒక చేత్తో అది విడదీయడానికి పట్టే సమయమంతా రెండో చేతి ముంజేతిలో మంటే.

గేట్లన్నీ ఒకే దిక్కుకు ఉండాలి, శరీరం వైపుకు. రెండు రకాల వాళ్ళుంటారు, బయటికి పెట్టేవాళ్ళు కూడా వాళ్ళ అలవాటులో చురుగ్గానే తీస్తారు. అయితే ఇరుకు సందులో ఒళ్ళు రాయికి రాసుకున్నప్పుడు బయటి గేటు నొక్కుకుని సామాను జారే అవకాశం ఎక్కువ. అలవాటు ఏదైనా ఒకటే ఉంచుకోండి, సగం ఇటు సగం అటు మాత్రం వద్దు.

మూలలో, సందులో ఎక్కేటప్పుడు గోడకు ఆనే పక్క ర్యాక్ ఉండకూడదు. కుడి భుజం గోడకు ఆనే పిచ్ (స్టేషన్ నుంచి స్టేషన్ దాకా ఎక్కే భాగం) అయితే కింద నేల మీదే సామాను ఎడమకు మార్చుకోవాలి. సగం దూరంలో గుర్తొస్తే చేయగలిగింది తక్కువ. అజామా ముందు లూపులు గట్టివి కాబట్టి ఒళ్ళు దూరి ఎక్కే ఇరుకు సందులో, అంటే చిమ్నీలో, అవే అడ్డం. అక్కడ గేరును పొడుగాటి స్లింగ్‌కు వేసి బిలే లూపు నుంచి కాళ్ళ మధ్య వేలాడదీసి లాక్కుపోవడం నయం. ఇదొక్క చోట మెత్త లూపుల హార్నెస్సే గెలుస్తుంది.

ఆల్పైన్ డ్రాల విషయంలో జరిగే తప్పు చిన్నదే, ప్రమాదం చాలా పెద్దది. స్లింగ్ బైనర్‌లో కదలకుండా రబ్బరు పట్టీ తొడుగుతారు కొందరు. కుట్టేసిన పొట్టి క్విక్‌డ్రాకు అది ఫరవాలేదు. మడిచి విప్పే స్లింగ్‌కు మాత్రం ఎప్పుడూ వద్దు. విప్పుతూ మడుస్తూ ఉండగా స్లింగ్ బైనర్‌లోంచి జారి, బైనర్ రబ్బరు మీదే నిలబడిపోవచ్చు. చూడటానికి అంతా సవ్యంగానే ఉంటుంది. బరువు పడితే రబ్బరు తెగుతుంది. 120 స్లింగ్‌లను మెలి తిప్పి, మడిచి బైనర్‌కు వేయండి. వదులుగా వేలాడే స్లింగ్‌లో కాలు దూరి, పై అడుగు వేయబోతే అది వెనక్కి లాగుతుంది.

గేర్ లూపుకు తాడు కట్టకండి, యాంకర్ తగిలించకండి. సామాను మోయడానికే అవి. మనిషి బరువు పడితే తెగొచ్చు. అలసిపోయి స్టేషన్‌కు చేరినవాళ్ళు, బట్ట చొక్కా కిందికి జారి బిలే లూపు కనబడనప్పుడు, చేతికి తగిలిన లూపుకే లాకింగ్ బైనర్ వేసిన సందర్భాలు క్లైంబింగ్‌లో కొత్తవి కావు. చొక్కాను బెల్టులోకి దోపుకోండి. వెనక మధ్య లూపు కూడా తాడు లాక్కుపోవడానికేగానీ మనిషిని పట్టడానికి కాదు. కట్టుకునే తాడు ముందున్న రెండు టై-ఇన్ పాయింట్లలోంచీ, బిలే లూపు పోయే దారిలోనే పోవాలి.

సెకండ్ సామాను ఊడదీసుకుని వచ్చేటప్పుడు కూడా అదే వరస పాటించాలి: క్యామ్‌లు కుడికి, నట్లు ఎడమకు, డ్రాలు విడదీసి మడిచి. ఈ క్రమశిక్షణ ఉంటే స్టేషన్‌లో చేతులు మారడానికి రెండు నిమిషాలు పట్టదు. లేకపోతే క్యామ్‌కు డ్రా, డ్రాకు నట్ తగిలి చిక్కుముడి వస్తుంది. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఇచ్చేటప్పుడు “పట్టుకున్నా” అని వినబడాకే వదలాలి. పెన్న లోయలో పడ్డ క్యామ్ వెతుక్కుంటూ కిందికి దిగిపోవడం ఎవరికీ ఇష్టముండదు.

లోపాల్లో మొదటిది జాగా. ఒక్కొక్కటే క్యామ్ ఉన్న సెట్టు, పది డ్రాలతో నాలుగు లూపులూ సరిపోతాయి. రెండు సెట్ల క్యామ్‌లు, 4 నంబరు పెద్ద క్యామ్ కూడా మోయాలనుకుంటే నిండిపోతుంది, వరసలు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. అటువంటి పనికి ఏడు లూపుల హార్నెస్‌లు వేరే ఉన్నాయి. రెండోది, స్టేషన్‌లో వేలాడుతూ గంటల కొద్దీ బిలే చేసేవాళ్ళకు బెల్టు ఇంకా వెడల్పుగా ఉంటే బాగుండేది. గండికోట గోడల ఎత్తుకు, అనంతపురం గుండ్లకు ఆ అవసరం అరుదు.

ఎండ గురించి చెప్పకపోతే ఇక్కడి రివ్యూ కాదు. వేసవిలో పదకొండుకే అల్యూమినియం బైనర్ చేతికి చురుక్కుమంటుంది. ఎండలో ర్యాక్ పరిచి సర్దకండి, నీడలో ఒక గుడ్డ మీద పరిచి, పైన చెప్పిన వరసలోనే తగిలించండి. బండ దగ్గరి దుమ్ము క్యామ్‌ల లోబ్‌ల (రాయిని పట్టే రెక్కల) మధ్యకు చేరి, వాటిని ముడిచే ట్రిగ్గర్ బిగిసిపోతుంది. గోరువెచ్చటి సబ్బునీళ్ళలో తిప్పి, కడిగి, ఆరబెట్టి, మైనం ఆధారంగా తయారైన లూబ్రికెంట్ లోబ్‌లకే వేయండి. ఇంజిన్ ఆయిల్, కొబ్బరినూనె దుమ్మును పట్టి ఉంచుతాయి, స్లింగ్‌కు అంటితే ఇంకా చెడ్డ.

కొనేముందు: కర్నూలు, అనంతపురం, కడపల్లో తొడిగి చూసి కొనే దుకాణం దొరకడం కష్టం. హైదరాబాదుకో బెంగళూరుకో పోయే పనుంటే అక్కడ చూడండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే చీటీలు తెంపకుండా ఇంట్లో దూలానికి వేలాడి పది నిమిషాలు ఊగండి. బెల్టు తుంటి ఎముకలకు పైన ఉండాలి. బిగించాక కిందికి లాగితే దిగకూడదు, పట్టీ తోక కనీసం బెత్తెడు మిగలాలి. ఆ తర్వాతే ర్యాక్ వేసి నడిచి, మోకాలు ఎత్తి, కూర్చుని చూడండి. ముందు లూపు బొడ్డు వైపుకు మరీ జరిగితే సైజు పెద్దదనే అర్థం. గండికోట కోట గోడలు, గుత్తి కోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి, వాటి మీద చేయి వేయకూడదు. సహజమైన కొండ రాయి మీద కూడా ముందు అనుమతి అడగాలి.

ఉపయోగించకపోయినా, పెట్జల్ లెక్కలో నేత, ప్లాస్టిక్ సామానుకు తయారైన నాటి నుంచి పదేళ్ళే గడువు. గట్టిగా పడటం, రసాయనం తగలడం జరిగితే ఆలోగానే తీసేయాలి. నిల్వ చేసేటప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్న గదిలో హార్నెస్, స్లింగ్‌లు పెట్టకండి. బ్యాటరీ యాసిడ్ ఆవిరి నైలాన్‌ను తినేస్తుంది, పైన మరక కూడా కనబడకపోవచ్చు.