అనంతపురంలో అంతర్జాతీయ సంబంధాల క్లాసు: పాఠం గట్టిది, నోట్సు పాతది

క్లాక్ టవర్ వైపున్న ఈ కోచింగ్‌లో సిద్ధాంతాలు చెప్పే తీరు చాలా బాగుంది. బ్రిటన్ అణ్వాయుధాలు అమెరికాను భయపెట్టవు, ఉత్తర కొరియావి భయపెడతాయి. ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని దేశాల బలాబలాలు లెక్కగట్టే సిద్ధాంతకర్త కెనెత్ వాల్ట్జ్ (1979 పుస్తకం) ఎక్కడ తడబడతాడో, దేశాలు ఒకదాన్నొకటి ఎలా అర్థం చేసుకుంటాయో, ఎలా గుర్తిస్తాయో చూసే అలెగ్జాండర్ వెండ్ట్ (1992 వ్యాసం) ఎలా అందుకుంటాడో బోర్డు మీద విడదీస్తారు. డిగ్రీలో బట్టీపట్టినవాళ్లకు కూడా అక్కడ విషయం వెలుగుతుంది.

నోట్సుతోనే ఇబ్బంది. బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా, దక్షిణాఫ్రికాల కూటమి బ్రిక్స్‌లో ఆ నోట్సు ప్రకారం ఇంకా ఐదే దేశాలున్నాయి. 2024 జనవరిలో ఈజిప్టు, ఇథియోపియా, ఇరాన్, యూఏఈ, 2025లో ఇండోనేషియా చేరిన సంగతే లేదు. అలాగే రాస్తే మార్కులు పోతాయి. పాశ్చాత్యేతర చరిత్రలకు చోటివ్వాలంటూ 2014లో పండితుడు అమితవ్ ఆచార్య ముందుకు తెచ్చిన ‘గ్లోబల్ ఐఆర్’ (ఐఆర్ అంటే అంతర్జాతీయ సంబంధాలు) చర్చకు దక్కింది ఒక్క పేరా! ఆసియా, ఆఫ్రికా దేశాలు కలిసిన బాండుంగ్ సదస్సు (1955) మన పిల్లలకు దగ్గరి విషయం, దాంతోనే మొదలుపెట్టొచ్చు కదా.

చేరేవాళ్లు క్లాసు వినండి, నోట్సు మాత్రం నమ్ముకోవద్దు. విదేశాంగ శాఖ సైటులో సంయుక్త ప్రకటనలు చదివి, పక్కన అట్లాసు పెట్టుకుని, సివిల్స్ కొలతలో 10 మార్కులకు 150 పదాలు, 15కు 250 పదాల చొప్పున రాసి దిద్దించుకోండి. దిద్దడం మాత్రం శ్రద్ధగా చేస్తారు.