పాత హోండా సిటీ వీటెక్: నల్లగొండ ఎండలో ఏడేళ్ల వాడకం తర్వాత

పేరుకు ఇది ఐదుగురు కూర్చునే ఇంటి కారు. కానీ 2000 నుంచి 2003 దాకా అమ్మిన ఈ 1.5 లీటర్ల వీటెక్ (వేగం పెరిగితే వాల్వులను ఇంకా ఎక్కువ తెరిచే హోండా ఏర్పాటు) ఇంజనుది 106 హార్స్‌పవర్, బాడీ తేలిక. స్పోర్ట్స్ కారు కోరిక ఉండి దాని ధర అందని వాళ్లు ఇప్పటికీ దీన్నే వెతుక్కుంటున్నారు. నకిరేకల్ నుంచి నల్లగొండ, హాలియా మీదుగా సాగర్ పోయే 565 హైవే మీద ఏడేళ్లు, 60 వేల కిలోమీటర్లు తిరిగిన బండి గురించిన సమీక్ష ఇది. రిపేర్లన్నీ ఇంటి వాకిట్లోనే జరిగాయి.

ముందే చెప్పాల్సింది ఒకటుంది. మన దిక్కు ఈ కారును తినేది తుప్పు కాదు. ఎండ, బోరు నీళ్లు, దుమ్ము. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు కారు కొనేటప్పుడు మొదట కింద పడుకొని రేకు చూస్తారు. ఇక్కడ మొదట చూడాల్సింది రేడియేటర్ మూత తీసి లోపలి కూలంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) రంగు.

ఆకుపచ్చ గానీ నీలం గానీ కనిపిస్తే సంతోషం. ఎర్ర మట్టి రంగో, మూత చుట్టూ తెల్ల పొక్కులో కనిపిస్తే బోరు నీళ్లు పోసి నడిపారని అర్థం. మన నీళ్లలో లవణాలెక్కువ. కుండలో, గీజర్‌లో పట్టే గారే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది. చల్లని పొద్దు బాగానే ఉంటుంది, రోహిణి కార్తెలో ఏసీ వేసుకొని గుట్ట ఎక్కితే ఇంజను వేడి చూపే సూది పైకి లేస్తుంది. అంతదాకా వస్తే కడిగి లాభం లేదు, రేడియేటర్ మార్చాల్సిందే. మార్చాక సగం కూలంట్, సగం డిస్టిల్డ్ వాటర్. నింపేటప్పుడు హీటర్ పూర్తిగా వేడి వైపు తిప్పి, మూత తీసే ఉంచి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజను నడవనివ్వాలి. లోపల గాలి మిగిలితే ఇంజను పైభాగమైన హెడ్ కింద సందు మూసే పొర, అంటే హెడ్ గ్యాస్కెట్‌కు ముప్పు. మూత రబ్బరు ఎండిపోయి ఉంటే దాన్నీ మార్చాలి. ప్రెషర్ నిలవకపోతే కూలంట్ ముందే మరుగుతుంది.

ఎండలో పెట్టిన బండి స్టార్ట్ కాకపోవడం రెండో పెద్ద బాధ. స్టార్టర్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు. అద్దాలు దించి పది నిమిషాలు ఆగితే ఏమీ జరగనట్టు లేస్తుంది. ఇట్ల వస్తే చాలామంది మొదట ట్యాంకులోని పెట్రోలు తోడే పంపు మారుస్తారు, డబ్బు వృథా. తాళం ఆన్ చేయగానే వెనక సీటు దిక్కు నుంచి రెండు సెకన్ల పాటు సన్నని గుయ్ మనే పంపు చప్పుడు రావాలి. వేడి మీద అది రాకుండా, చల్లారాక వస్తుంటే మొదటి అనుమానం డ్యాష్‌బోర్డ్ కింది మెయిన్ రిలే (పంపుకు కరెంటు ఇచ్చే స్విచ్చు డబ్బా) మీదే. పాతికేళ్ల సోల్డర్‌లో వెంట్రుక లాంటి పగుళ్లు పడి, వేడికి విడిపోతాయి. డబ్బా విప్పి, భూతద్దంతో చూసి, పెద్ద పిన్నుల దగ్గర పాత సోల్డర్ లాగేసి కొత్తది పెడితే గంటలో పని అయిపోతుంది. పంపు చప్పుడు ఉండి కూడా లేవకపోతే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా) లోపలి ఇగ్నైటర్ వైపు చూడాలి.

టాపెట్ సెట్టింగు, అంటే వాల్వుల మీది సందు సరిచేయడం, ఇంట్లో చేసుకోవాల్సిన పనుల్లో ఉత్తమమైనది. ఇంజను పూర్తిగా చల్లగా, 38 డిగ్రీల లోపు ఉండాలి. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నం గాలే 43 ఉంటుంది కాబట్టి రాత్రంతా వదిలేసి మబ్బుల్నే లేచి చేయాలి. ఇంటేక్ 0.20 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.25. సందు కొలిచే సన్న రేకు, ఫీలర్ గేజ్, కాస్త పట్టినట్టు జారాలి. సిలిండర్ల వరుస 1, 3, 4, 2. ఒక్కో దానికి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) అర చుట్టు తిప్పాలి. ఇక్కడే పొరపాటు జరుగుతుంది: ఈ ఇంజను గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అలవాటు కొద్దీ కుడికి తిప్పితే టైమింగ్ బెల్ట్ (క్రాంక్ నుంచి, వాల్వులను ఆడించే క్యామ్ ఇరుసును తిప్పే పళ్ల బెల్ట్) వదులై పన్ను దాటే ప్రమాదం ఉంది. వాల్వు కవర్ తీసినప్పుడే స్పార్క్ ప్లగ్ గొట్టాల సీళ్లు మార్చేయండి. ప్లగ్ గుంతలో నూనె చేరి మిస్‌ఫైర్ రావడానికి కారణం అవే.

టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో అమ్మినాయన నోటిమాటగా చెబితే నమ్మొద్దు. కొన్న వారమే మార్చండి. తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి. వాటర్ పంపు ఆ బెల్ట్ మీదే తిరుగుతుంది కాబట్టి పంపు, టెన్షనర్, క్యామ్ సీలు, క్రాంక్ ముందు సీలు అన్నీ ఒకేసారి. క్యామ్ పుల్లీ మీది గుర్తు పైకి ఉండాలి. బెల్ట్ ఎక్కించాక క్యామ్ పుల్లీ మూడు పళ్లు ఎడమకు కదిలేంత క్రాంక్ తిప్పి, అప్పుడు టెన్షనర్ బోల్టు 44 న్యూటన్ మీటర్లకు బిగించాలి. క్రాంక్ పుల్లీ బోల్టు మాత్రం మహా మొండిది. పొడుగాటి పైపు, గట్టి సాకెట్, పుల్లీని పట్టి ఉంచే హోల్డర్ లేకుండా మొదలుపెట్టకండి.

వీటెక్ పనిచేస్తే ఇంజను చుట్లు చూపే సూది పైకి పోయేకొద్దీ ఇంజను స్వరం మారి బండి ముందుకు దూకుతుంది. దూకకపోతే మొదట ఆయిల్ లెవల్ చూడండి, తర్వాత హెడ్ పక్కనున్న సోలెనాయిడ్ (వీటెక్ కోసం ఆయిల్ వదిలే కరెంటు వాల్వు) విప్పి దాని జల్లెడ చూడండి. నల్ల మడ్డి పట్టి ఉంటుంది. జల్లెడ రబ్బరుతో సహా కొత్తది వేయడం మేలు. ఆయిల్ ఫిల్టర్‌తో కలిపి మారిస్తే ఇంజను ఆయిల్ 3.3 లీటర్లు పడుతుంది. దుమ్ము రోడ్లకు 5 వేల కిలోమీటర్లకే మారిస్తే ఈ జల్లెడ శుభ్రంగా ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ కూడా అప్పుడే చూడండి. క్వారీ లారీలు తిరిగే రోడ్డు మీద అది ముందే నిండుతుంది.

కింది పనికి ఒక జాగ్రత్త. మన వాకిళ్లలో షాబాద్ బండలుంటాయి, జాకీ స్టాండు కింద పటుక్కుమని పగులుతాయి. మందమైన చెక్క పలక వేయకుండా బండి ఎత్తొద్దు. చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు మార్చినప్పుడు బోల్టులు వేళ్లతో వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీదికి దిగాకే గట్టిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి కొన్ని నెలల్లోనే చీలుతుంది.

ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోవు. పంపు ఫ్యూజు తీసి, ఇంజను దానంతట అదే ఆగేదాకా నడిపి, ప్రెషర్ పోయాకే పైపులు విప్పాలి. వాటి స్థానంలో జే30 ఆర్9 అని ముద్ర ఉన్న ఇంజెక్షన్ పైపులే వేయాలి. నెలల తరబడి నిలిపే బండిలో ఈ పెట్రోలు ఉంచకండి, నీరు పీల్చుకుంటుంది.

స్పేర్లకు హైదరాబాద్ పోక తప్పదు. పుత్లీబౌలి, రాణిగంజ్ తిరిగితే బెల్టులు, సీళ్లు, బుష్‌లు దొరుకుతాయి. దీపాలు, డోర్ ప్లాస్టిక్‌లు మాత్రం కష్టం. అందుకే ఏపీ 24 (నల్లగొండ), ఏపీ 22 (మహబూబ్ నగర్) నంబర్ల బండ్లలో ఏది కొన్నా, ఇంజను కొంచెం బాగా లేకున్నా పర్లేదు, అద్దాలు, దీపాలు, లోపలి సామాను పూర్తిగా ఉన్నదే ఎంచుకోండి. 15 ఏళ్లు దాటిన ఆర్‌సీ రెన్యువల్ అయ్యిందా, గ్రీన్ ట్యాక్స్ కట్టారా అన్నది బయానా ఇచ్చే ముందే చూసుకోవాలి.

కోతల కాలంలో వడ్లు, గడ్డి పరిచిన రోడ్డు మీద పోతే ఇల్లు చేరగానే కిందికి వంగి సైలెన్సర్ చుట్టూ చూడండి. చిక్కిన గడ్డి వేడికి అంటుకుంటుంది. చల్లారాక కొక్కెం తీగతో మొత్తం లాగేయాలి.