ఉప్పుగాలిలో పాత జీపు: అసలు బాడీ నిలబెట్టాలా, కొత్తది వేయించాలా?

విశాఖలో పాత జీపు కొన్నవారు మొదట ఇంజను గురించే అడుగుతారు. పెట్రోలు ఉంచాలా, డీజిల్ వేయించాలా అని. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. ఈ ఊళ్లో జీపు ప్రాణం తీసేది తుప్పు. గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, రేకు మీద పేరుకున్న ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకుని కరుగుతుంది. వాన పడనక్కర్లేదు. బీచ్ రోడ్డు వైపు ఇళ్ల కిటికీ ఊచలు చూసినవారికి ఇది విడమరచి చెప్పే పని లేదు.

అందుకే మహీంద్రా వారి పాత జీపు మోడల్ సీజే-3బీ కొనేటప్పుడు బానెట్ ఎత్తే ముందు కింద దూరి చూడండి. నేల రేకుకు బలంగా టోపీ ఆకారంలో పట్టీలు ఉంటాయి. వాటిలో బురద చేరి, లోపలినుంచి తినేస్తుంది. పైన మెరిసే రంగు ఉన్నా, స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగిపోవచ్చు. చాసిస్‌లో పెట్టెలా మూసిన భాగాలు, కమాను పట్టీలు బిగించే చోట్లు, వెనక అడ్డపట్టీ, వీటిని సుత్తితో తట్టండి. ఖంగున మోగితే మంచిది. చాసిస్ పుచ్చిపోయి ఉంటే బాడీ గురించి చర్చే అనవసరం. ఆ బండిని వదిలేయడమే మేలు.

చాసిస్ గట్టిగా ఉండి, బాడీ మాత్రమే పాడైతే మూడు దారులున్నాయి.

ఫైబర్ బాడీ గురించి రెండు ముక్కలు చాలు. తుప్పు పట్టదు, తేలిక. కానీ బోల్టులు బిగించిన చోట బీటలు వారుతుంది, కింద చాసిస్ తుప్పు ఎలాగూ ఆగదు. జీపు రూపమే కావాలనుకునేవారికి సరే, పాత జీపును బతికించాలనుకునేవారికి కాదు.

కొత్త ఇనుప బాడీ బాగా ఊరించే దారి. హర్యానాలోని డబ్వాలీ లాంటి చోట్ల జీపు బాడీలు తయారుచేయడమే పెద్ద వ్యాపారం. తలుపుల గుంటలు, బోల్టు రంధ్రాలు కొద్దో గొప్పో సరిపోతాయి, పని త్వరగా అవుతుంది. చిక్కంతా రేకు మందంలోనే ఉంది. నేలకు కనీసం 18 గేజి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల రేకు ఉండాలి. పలుచటి రేకుకు లప్పం దట్టించి నున్నగా చేసిన బాడీ చూడటానికి పెళ్లికొడుకులా ఉంటుంది, విశాఖ గాలికి త్వరలోనే బుడగలు లేస్తుంది. కొనేముందు రంగు వేయని బాడీనే అడగండి. వెల్డింగు చూసి, రేకు కొలిచి తీసుకోండి.

పాత బాడీని బాగుచేయించడం నెమ్మది పని. నేల మొత్తం కోసి కొత్త రేకు వేయాలి, పట్టీలు కొత్తవి వంచాలి, పక్క రేకులు, బానెట్, గ్రిల్ పాతవే ఉంచాలి. ఖర్చు కొత్త బాడీకి దగ్గరగా వస్తుంది, ఒక్కోసారి దాటుతుంది. అయినా నా ఓటు దీనికే. పాత రేకు మందంగా ఉంటుంది, తలుపు అంచుల వంపులు ఫ్యాక్టరీలో వంచినవి. వాటిని సుత్తితో మళ్లీ పుట్టించలేం. ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుబట్టండి: తుప్పు రేకు మీద కొత్త రేకు అతికించనివ్వకండి. రెండు రేకుల సందున ఉప్పునీరు చేరితే ఆ అతుకే మళ్లీ మొదటి పుండు అవుతుంది.

గాజువాక ఆటోనగర్‌లో టింకరింగ్ చేసేవారు దొరుకుతారు. అంతకంటే పెద్ద వరం, ఇది ఓడలు కట్టే ఊరు కావడం. ఇసుక పోటుతో (శాండ్ బ్లాస్టింగ్) తుప్పు రాల్చడం, జింకు కలిసిన ఎపాక్సీ ప్రైమరు పూయడం తెలిసిన పనివాళ్లు ఇక్కడ ఉన్నారు. చాసిస్‌కు ఆ పనే చేయించండి. పలుచటి బాడీ రేకుకు మాత్రం ఇసుక పోటు వద్దు, వేడికి, దెబ్బకు రేకు వంకర పోతుంది. ఒట్టి రెడాక్సైడ్ ప్రైమరు పూసి పైరంగు కొట్టడం ఈ సముద్ర తీరంలో డబ్బు వృథా.

ఇక ఇంజను. సీజే-3బీ బానెట్ అంత ఎత్తుగా ఉండటానికి కారణమే దాని హరికేన్ పెట్రోలు ఇంజను. 2.2 లీటర్లు, ఇంధనం పీల్చే వాల్వులు హెడ్‌లో, పొగ వదిలే వాల్వులు బ్లాకులో, అందుకే ఎత్తు ఎక్కువ. ఆ ఇంజను ఇంకా ఉంటే తీయకండి. డీజిల్ వేస్తే ఇంధనం ఆదా అవుతుంది, నిజమే. కానీ బరువుకు ముందు కమాన్లు కుంగుతాయి, అదురుకు ఇంజనును పట్టి ఉంచే మౌంటింగులు చీలుతాయి, సరిగ్గా నిలబెట్టిన బాడీ వెల్డింగులు కూడా వదులవుతాయి. ఫ్యాక్టరీ నుంచే డీజిల్‌తో వచ్చిన మహీంద్రా ఎంఎం 540 జీపు అయితే మాట వేరు, దాన్ని అలాగే నడపండి. పెట్రోలు బండికి ఇప్పుడు కొత్త సమస్య 20 శాతం ఇథనాల్. పాత రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపులోని పొరను (డయాఫ్రమ్) అది పాడుచేస్తుంది, తేమనూ పీల్చుకుంటుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయించి, పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉండకుండా చూసుకోండి.

కాగితాల సంగతీ బాడీ నిర్ణయంతో ముడిపడే ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల 2021 సవరణ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు లేని సొంత బండిని వింటేజ్‌గా నమోదు చేయించవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. కొత్త బాడీ, మారిన ఇంజను ఉంటే ఆ అర్హత పోయే ప్రమాదం ఉంది. అయితే ఆ నంబరుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనానికి తప్ప రోజువారీగా తిరగకూడదు. అరకు ఘాటు ఎక్కాలని, పాడేరు వెళ్లాలని కోరిక ఉన్నవారికి మామూలు ఆర్సీనే అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవడం మేలు. ఇంజను మార్చి ఉంటే ఆర్సీలో ఎక్కించారో లేదో కొనేముందే చూడండి. అనుమతి లేని మార్పు ప్రమాదం జరిగిన రోజున బీమా దగ్గర బయటపడుతుంది.

బండి తయారయ్యాక అందరికీ కలిగే ఆశ, ఇసుకలోకి దింపి ఫోర్ వీల్ గేరు వేయాలని. దయచేసి తీరంలో వద్దు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక అది. పైగా మీరు కష్టపడి మూసిన ప్రతి సందులోకీ ఉప్పు దూరుతుంది. ఫోర్ వీల్ గేరును మన్యం వైపు మట్టి దారుల్లో వాడండి. పొడి తారురోడ్డు మీద వేస్తే ముందు, వెనక ఇరుసులు ఒకదాన్నొకటి లాగి షాఫ్టుల కీళ్లలోని యూజే క్రాసులు అరుగుతాయి. బీచ్ రోడ్డు మీదుగా వచ్చిన ప్రతిసారీ కింది భాగాన్ని మంచినీళ్లతో కడిగి, ఆరాకే కవరు కప్పండి. తడి బండి మీద బిగుతైన ప్లాస్టిక్ కవరు వేయడం కంటే కవరు లేకుండా నీడలో ఉంచడమే నయం.