కంప్యూటర్ క్లాసు: లైవ్ ఇవ్వాలా, రికార్డు చేసి పెట్టాలా?

గుంటూరు బ్రాడీపేటలో మా కంప్యూటర్ క్లబ్బుకి ఫీజు లేదు, జీతాలు లేవు, ఎవరికి తీరిక ఉంటే వాళ్ళు వచ్చి పాఠం చెబుతారు. నేర్చుకునేవాళ్ళలో డిగ్రీ పిల్లలున్నారు, రిటైరైన మాస్టార్లున్నారు, ఇంటిపని ముగించుకుని వచ్చే ఆడవాళ్ళున్నారు, మిర్చి యార్డు గుమాస్తాలున్నారు. సీజన్ మొదలైతే ఆ గుమాస్తాలు రాలేరు, తెనాలి నుంచి వచ్చేవాళ్ళకి రైలు టైము కుదరదు. అందుకే క్లాసులు, మీటింగులు ఆన్‌లైన్‌లో పెడదామన్న మాట వచ్చింది. పెట్టాలన్నదాంట్లో పేచీ లేదు, ఎలా పెట్టాలన్న దగ్గరే తలో మాట. నా మాట ముందే చెప్పేస్తాను: క్లాసులు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలి, మీటింగులకి వీడియో అసలు వద్దు.

లైవ్‌లో సుఖం లేకపోలేదు. క్లాసు అయిపోగానే పని కూడా అయిపోతుంది, 12 గంటల్లోపు లైవ్ అయితే యూట్యూబ్ దాన్నే వీడియోగా ఉంచేస్తుంది, ఇంట్లో ఉన్నవాళ్ళు అప్పటికప్పుడు డౌట్ అడగొచ్చు. కొత్త ఛానెల్‌కి లైవ్ తెరుచుకోవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, ఫోన్ నుంచి ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి, అవేమంత పెద్ద అడ్డంకులు కావు. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకి, గూగుల్ మీట్‌లో గంటకి గ్రూప్ మీటింగ్ ఆగిపోతుంది, పైగా మీట్ ఉచిత ఖాతాకి రికార్డింగ్ లేదు. వీటన్నిటికంటే నాకు బాధగా అనిపించేది గదిలో కూర్చున్నవాళ్ళ సంగతి. మొదటిసారి మౌస్ పట్టుకున్న పెద్దావిడ "బాబూ, ఆ మీట ఎక్కడుందన్నావ్, మళ్ళీ చూపించవా" అని అడుగుతుంది చూడండి, మన క్లబ్బు ఉన్నదే ఆ ప్రశ్న కోసం. తన గొంతు ఊరంతా వింటోందని తెలిస్తే ఆవిడ అడగదు, తెలిసినట్టు తలూపి ఊరుకుంటుంది. చెప్పేవాళ్ళ కళ్ళు కూడా సగంసేపు ఛాట్ మీదే ఉంటాయి.

రికార్డింగ్‌లో ఆ ఇబ్బంది లేదు, డౌట్లు వచ్చినప్పుడు పాజ్ నొక్కితే చాలు. స్క్రీన్ రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. అందులో మొత్తం స్క్రీన్ తీసుకోకుండా ఒక్క విండోనే రికార్డు చేసే విండో క్యాప్చర్ పెట్టుకోండి, అప్పుడు మూలన వచ్చే వాట్సాప్ మెసేజ్, ఓటీపీ నోటిఫికేషన్ వీడియోలో పడవు. ఆన్‌లైన్ దరఖాస్తు నేర్పేటప్పుడు మాత్రం అదీ చాలదు, ఎవరి నిజమైన ఆధార్ నంబరూ కొట్టి చూపించకండి. ఇంకొకటి, ఫైల్‌ని ఎంకేవీ (.mkv) అనే రకంలోనే రికార్డు చేయండి. మధ్యలో కరెంటు పోతే మామూలు ఎంపీ4 ఫైల్ తెరుచుకోకుండా పోవచ్చు, ఎంకేవీలో అప్పటిదాకా రికార్డయింది దక్కుతుంది, తర్వాత ఓబీఎస్‌లోనే రీమక్స్ చేసి, అంటే ఫైల్ రకం మార్చి, ఎంపీ4 చేసుకోవచ్చు. కెమెరా లేకపోయినా నష్టం లేదు కానీ మైకు విషయంలో రాజీ పడొద్దు, లాప్‌టాప్ మైకు అయితే చెప్పేవాళ్ళ గొంతు కంటే సీలింగ్ ఫ్యాన్ మోతే ఎక్కువ వినిపిస్తుంది. చొక్కాకి తగిలించుకునే చిన్న మైకు ఒకటి చందాలేసుకునైనా కొనాలి.

రికార్డు చేస్తే ఎడిటింగ్ ఎవరు చేస్తారన్న ప్రశ్న న్యాయమైనదే. చేసేవాళ్ళు లేకపోతే కోయకుండా అలాగే పెట్టి, వీడియో కింది వివరణలో 0:00 నుంచి మొదలుపెట్టి ఏ నిమిషంలో ఏ అంశం ఉందో కనీసం మూడు వరుసలు రాయండి, యూట్యూబ్ వాటిని చాప్టర్లుగా విడగొడుతుంది. యార్డు గుమాస్తాకి కావాల్సింది ఎక్సెల్‌లో బస్తాల తూకాలు కూడటం, దానికోసం గంట వీడియో మొత్తం చూసే ఓపిక ఆయనకెక్కడిది!

ఎక్కడ పెట్టాలన్నదానికి వాట్సాప్ నా లెక్కలో లేనట్టే. వీడియోగా పంపితే కుదించేస్తుంది, ఎక్సెల్ గడుల్లో అంకెలు అలికినట్టు కనిపిస్తాయి. టెలిగ్రామ్ నయం, ఉచితంగానే 2 జీబీ దాకా ఫైల్ పెట్టొచ్చు, ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు. గూగుల్ డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్‌కీ ఫోటోలకీ కలిపే కాబట్టి తొందరగా నిండిపోతుంది. యూట్యూబ్‌కే నా ఓటు ఎందుకంటే చూసేవాళ్ళు క్వాలిటీ తగ్గించుకుని డేటా మిగుల్చుకోవచ్చు. సెకనుకి ఒక మెగాబిట్ చొప్పున నడిచే గంట వీడియోకి సుమారు అర జీబీ ఖర్చవుతుంది, రోజుకి 1.5 జీబీ ప్యాక్‌తో ఇల్లంతా సర్దుకునేవాళ్ళకి అది తక్కువేం కాదు. ఫోన్ నంబరుతో ఖాతా వెరిఫై చేయకపోతే 15 నిమిషాలు దాటిన వీడియో ఎక్కదు, ఆ పని ముందే చేసిపెట్టుకోండి. అందరికీ కనిపించడం ఇష్టం లేకపోతే అన్‌లిస్టెడ్‌లో పెట్టొచ్చు, కానీ అదేమీ తాళం కాదు, లింకు దొరికితే ఎవరైనా చూస్తారు. అందుకే మనుషుల ముఖాలు ఎందులోనూ లేకపోవడమే మంచిది, పిల్లలవి మరీను. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివాళ్ళందరినీ పిల్లలుగానే లెక్కేసి, వాళ్ళ వివరాలకి తల్లిదండ్రుల అంగీకారం అడుగుతుంది.

ఇక మీటింగులు. గది అద్దె ఎవరు కట్టారు, ఏ క్లాసు ఎందుకు సరిగ్గా జరగలేదు, ఎవరికి ఎవరి మీద కోపం, ఇవన్నీ అక్కడే తేలాలి. కెమెరా ముందు ఎవరూ నోరు విప్పరు, విప్పకపోతే గొడవ గది బయటికి వెళ్ళి పెద్దదవుతుంది. తీసుకున్న నిర్ణయాలు, ఎవరి పని ఏది, ఖర్చెంత, ఒక పేజీలో రాసి ఆ రాత్రే గ్రూపులో పెడితే రానివాళ్ళకి సరిపోతుంది, చదవడానికి రెండు నిమిషాలు చాలు. బయటి నుంచి ఎవరైనా వచ్చి మాట్లాడితే ఆ భాగం మాత్రం వాళ్ళనడిగి రికార్డు చేసుకోవచ్చు.

ఏది ఎంచుకున్నా ఛానెల్‌ని ఒక్కరి సొంత జీమెయిల్ మీద తెరవకండి. ఆ కుర్రాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే పాఠాలన్నీ అతని ఖాతాలోనే ఉండిపోతాయి. క్లబ్బు పేరుతో వేరే ఖాతా తీసి, యూట్యూబ్ స్టూడియోలో పర్మిషన్స్ దగ్గర ఇద్దరిని మేనేజర్లుగా చేర్చండి. అప్పుడు పాస్‌వర్డ్ చేతులు మారాల్సిన పని ఉండదు.